రోజుకు పన్నెండు పేర్లు

ఆ వేసవిలో మా పత్రిక రోజుకు పన్నెండు మరణాలను మాత్రమే ఒప్పుకునేది. పదమూడో మనిషి మర్నాటి దాకా బతికి ఉండవలసిందే.

హాస్యానికి అంటున్న మాట కాదు. సమాచార శాఖ నుంచి వచ్చిన చీటీలో అలాగే ఉంది. యుద్ధంలో పోయినవారి పేర్లు రోజుకు పన్నెండుకు మించి అచ్చు వేయరాదు. ప్రజల ధైర్యం సడలరాదు. ఇళ్లకు విడిగా కబురు పంపడం అప్పటికే మానేశారు. పత్రికలో పేరు పడితేనే వార్త. పడనంతకాలం మనిషి ఉన్నట్టే.

ఆ పేర్లను పేర్చేది మేము. మగవాళ్లు దళాల్లో చేరి వెళ్లిపోగా, మనుషులు లేని సీసపు అక్షరాల గళ్ల పెట్టెల ముందు పద్నాలుగు మంది ఆడవాళ్లం నిలబడేవాళ్లం. నా పక్క గడి మా వదినది. అన్నయ్య వెళ్లి అప్పటికి ఏడాది దాటింది.

మా మేస్త్రి గారికి రెండు జతల కళ్లద్దాలు. ఒకటి ముక్కు మీద, ఒకటి నుదుటి మీద. ఆయనకు ‘నాలుక్కళ్లాయన’ అని పేరు పెట్టింది రేడియో అక్క. ఆవిడకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, ఉదయం ఏడింటికి మొదలుపెడితే సాయంత్రం గంట కొట్టేదాకా ఆవిడ నోరు ఆగేది కాదు.

“చదవకండమ్మా,” అని మేస్త్రి గారు మొదటి రోజే చెప్పారు. “చదివితే చెయ్యి ఆగుతుంది. అక్షరాన్ని చూడండి, తియ్యండి, పెట్టండి. అంతవరకే మన పని.”

“చదవకుండా అక్షరాన్ని ఎలా చూస్తామండీ?” అంది వదిన.

“గులకరాళ్లు ఏరినట్టు.”

“గులకరాళ్లకు పెళ్లాం బిడ్డలు ఉండరు కదండీ,” అంది రేడియో అక్క. మేస్త్రి గారు విననట్టు తన బల్ల వైపు వెళ్లిపోయారు.

అప్పట్లో నేను అరువు తెచ్చుకున్న తత్వశాస్త్ర పుస్తకాలు చదివేదాన్ని. చూడటం వేరు, తెలుసుకోవడం వేరు అన్న విషయం మీద పేజీలకు పేజీలు రాసుకున్నాను. ప్రెస్సులో ఆ భేదం నా వేళ్లకు అబ్బింది. మూడో నెలకల్లా పేరును పేరుగా చూడకుండా పేర్చగలిగాను. దాన్ని నేర్పు అనుకున్నాను, కొంచెం గర్వపడ్డాను కూడా. ఈ కథలో నేను మొదట ఒప్పుకోవలసింది ఆ గర్వాన్నే.

పైనుంచి వచ్చే జాబితాలో పేర్లు రోజుకు పన్నెండు కాదు, పదిహేను, ఇరవై, ఒక్కోసారి ముప్ఫై. పేర్చినవాటిని పన్నెండేసి లైన్ల చొప్పున పురికొసతో కట్టి, కిటికీ కింద పొడవాటి అరలో వరుసగా పెట్టేవాళ్లం. రోజూ మధ్యాహ్నం ముందు కట్ట పేజీలోకి వెళ్లేది. వెనక కొత్త కట్టలు చేరేవి. అరలో ఎవరున్నారో బయట చెప్పబోమని అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. చెబితే జైలు. కట్టలు కట్టి అరలో సర్దే పని వదినది. ముందు కట్ట తీసి పేజీలో అమర్చే పని నాది.

పనిలో ఒక చిన్న సంగతి ఉంది. లైను వదులుగా ఉంటే మాటల మధ్య సన్నని కాగితపు పీలిక దోపి బిగించాలి. అందరం చిత్తు కాగితం వాడేవాళ్లం. వదిన మాత్రం అన్నయ్య ఉత్తరాలు వచ్చే నీలం కవర్ల అంచులు కత్తిరించి తెచ్చుకునేది.

“ఇంట్లో ఉన్నన్నాళ్లూ పుల్ల తీసి అటు పెట్టిన మనిషి కాదు,” అనేది. “ఇప్పుడైనా కాస్త పని చేయనీ.”

*

ఇంట్లో అమ్మ అక్షరాలు నేర్చుకుంటోంది.

ఆమెకు యాభై నాలుగేళ్లు. నేను ప్రెస్సులో చేరిన వారానికే, పలక నా ముందు పెట్టి కూర్చుంది. “వాడి పేరు రాస్తే ఎలా ఉంటుందో చూపించు.”

“మొదటి నుంచి నేర్చుకోవాలమ్మా. అక్షరాల తర్వాత పేర్లు.”

“నాకంత తీరిక లేదు. వాడి పేరు చూపించు. గోడ మీద అది లేదని తెలిస్తే నాకు చాలు. మిగతావాటితో నాకేం పని?”

ప్రెస్సు బయటి గోడకు రోజూ పొద్దున్నే ఆనాటి పత్రిక అంటించేవారు. ఆడవాళ్లంతా అక్కడే నిలబడేవారు. అలా మా అమ్మ చదివిన మొదటి మాట కొడుకు పేరు. మూడు రోజులు దిద్దింది. నాలుగో రోజు గోడ దగ్గరికి వెళ్లి, పన్నెండు పేర్లూ కళ్లతో తడిమి, ఆ ఆకారం ఎక్కడా లేదని చూసుకుని వచ్చింది. ఆ రోజు ఇల్లంతా కడిగింది.

అన్నయ్య ఉత్తరాలు వచ్చినప్పుడు వదిన పైకి చదివేది. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి, గొంతు సవరించుకుని, పేజీ తిప్పేది.

“అంత కాగితంలో ఇంతేనా మాటలు?” అనేది అమ్మ. “వాడు పుట్టినప్పటి నుంచీ వసపిట్టే కదా.”

“అక్షరాలు పెద్దవత్తయ్యా. చోటంతా అవే తినేస్తున్నాయి.”

“అక్షరాలు పెద్దవైతే నీ చెవులెందుకు ఎర్రబడ్డాయి?”

వదిన కాగితంతో మొహం కప్పుకునేది. అమ్మ నవ్వు చాలాసేపు ఆగేది కాదు.

వేసవి మధ్యకు వచ్చేసరికి ఉత్తరాలు ఆగిపోయాయి. తపాలా బళ్లను కూడా యుద్ధానికే తీసుకున్నారని వదిన చెప్పింది. నమ్మదగ్గ మాటే. ఆ నెలలో ఊళ్లో చాలా ఇళ్లకు ఉత్తరాలు రాలేదు.

*

ఒక మధ్యాహ్నం ముందు కట్ట తీసుకుంటూ, పక్కనున్న రెండో కట్ట మీద దుమ్ము తుడిచాను. ఏడో లైనులో నీలం పీలిక చివర బయటికి పొడుచుకు వచ్చింది. లోపలికి నొక్కుదామని వంగాను. సీసంలో అక్షరాలు తిరగబడి ఉంటాయి. మూడు నెలలుగా వాటిని రాళ్లలాగే చూస్తున్నదాన్ని. ఆ రోజు చదివాను. ఎందుకు చదివానో ఇప్పటికీ చెప్పలేను.

అన్నయ్య పేరు. మా ఊరు. దళం నంబరు.

నేను చేసిన పని ఇదీ: పీలికను గోటితో లోపలికి నొక్కాను. ముందు కట్టను తీసుకెళ్లి పేజీలో అమర్చాను. పురికొస చుట్టి డబ్బాలో వేశాను. మర్నాడు ఆ రెండో కట్ట ముందుకు వస్తుందని, దాన్ని నేనే ఎత్తాలని, ఎల్లుండి పొద్దున అమ్మ గోడ ముందు ఉంటుందని మాత్రం లెక్క వేసుకున్నాను.

మర్నాడు ముందు కట్ట విప్పితే ఏడో లైనులో వేరే పేరు ఉంది. అన్నయ్య మళ్లీ రెండో కట్టలో ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే.

అప్పటికి అర్థమైంది. నీలం పీలిక ఉన్న లైను వదిన పేర్చిన లైను. భర్త పేరున్న చీటీ ఆవిడ చేతికే వచ్చింది, ఆవిడే పేర్చింది, కట్టింది, అరలో పెట్టింది. ఇప్పుడు అది ముందుకు వచ్చేసరికి రోజూ సాయంత్రం రెండు కట్టలు విప్పి, ఒక లైను వెనక్కి, ఒక లైను ముందుకు మారుస్తోంది. ఎప్పుడూ ఒక్క రోజే. అర చివర పెట్టేస్తే నెల దాటినా రాడు. అలా చేయలేదు. ఒక్క రోజు కన్నా ఎక్కువ అడగడానికి ఆవిడకు మనసొప్పలేదేమో.

మూడు రోజులు నేనూ ఊరుకున్నాను. ఆవిడ పక్కనే నిలబడ్డాను, పక్కనే తిన్నాను. అది దయ అనుకున్నాను. తర్వాత తరచి చూసుకుంటే దయ అందులో పావు వంతు కూడా లేదు. పేరు అచ్చులో పడనంతకాలం నేనూ అన్నయ్య ఉన్న చెల్లెల్నే. వదిన ఇస్తున్న ఆ రోజుల్లో నా వాటా నేను తీసుకుంటున్నాను.

*

మూడో సాయంత్రం భోజనాల దగ్గర అమ్మ ఉత్సాహంగా ఉంది.

“ఇవాళ గోడ దగ్గర నా చేతే చదివించారు. పన్నెండు పేర్లూ. కూడబలుక్కునే అనుకో, కాని తప్పు పోలేదు.”

“అత్తయ్యగారు పంతులమ్మ అయిపోయారన్నమాట,” అంది వదిన.

“వెటకారం చాల్లే. ఆ సబ్బులావిడ ఉంది చూడు, సబ్బుల ఫ్యాక్టరీలో పని, చేతులన్నీ పగిలిపోయి ఉంటాయి. ఆవిడకు చదువు రాదు. రోజూ వచ్చి నా మొహం వంక చూస్తుంది. ‘లేడమ్మా, నీ వాడు లేడు’ అంటాను. అలా అంటే చాలు, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంటుంది. పదిహేను రోజులైంది, రోజూ ఇదే తంతు.”

“ఇంకొకరెవరైనా చదివి చెప్పచ్చుగా,” అన్నాను.

“చెబుతారు. ఆవిడ నమ్మదు. ‘మీరు చెబితేనే నమ్మకం, మీ కొడుకూ అక్కడే ఉన్నాడు కదా, మీరు అబద్ధం ఆడరు’ అంటుంది.” అమ్మ నీళ్లు తాగి, ఆ కుర్రవాడి పేరు, దళం నంబరు మాకు అప్పజెప్పింది. సబ్బులావిడ ఆమె చేత బట్టీ పట్టించిందట.

నేను వదిన వంక చూడలేదు. చూడవలసిన పని లేదు. అన్నయ్య పేరు కనిపించినప్పటి నుంచి అరలోని కట్టలన్నీ చదివేస్తున్నాను, ఆ పేరు కూడా చూశాను. ఇరవై రెండో కట్టలో ఉంది. ఆ కట్ట కట్టింది వదిన.

వదిన ముద్ద నోట్లో పెట్టుకోబోయి పళ్లెంలో పెట్టేసింది. “ఎండకు ఆకలి చచ్చిపోయిందత్తయ్యా,” అంది.

*

మర్నాడు పనికి వెళ్తూ దారిలో వదినే మాట్లాడింది.

“నీకు తెలిసి ఎన్నాళ్లయింది?”

“నాలుగు రోజులు. నీకెలా తెలుసు?”

“రేడియో అక్క జోకులకు నవ్వడం మానేశావు. అవి నవ్వొచ్చేవి కావనుకో, అయినా నవ్వేదానివి.” కొంచెం దూరం నడిచాక, “నాకు నలభై తొమ్మిది రోజులు,” అంది. “ముప్ఫై రోజులు అరలో దాని మానాన అది ఉంది. పంతొమ్మిది రోజుల నుంచి జరుపుతున్నా. మొదటి రోజు అత్తయ్య మొట్టమొదటిసారి లైను మొత్తం చదివి వచ్చింది. గుర్తుందా? ఎంత సంబరపడిందో. ఆ ఒక్క రోజుకే అనుకున్నా. మర్నాడు ఇంకేదో అడ్డం వచ్చింది. రోజూ ఏదో ఒకటి ఉంటుంది కదే.”

“నాకు చెప్పచ్చుగా.”

“నువ్వెందుకు చెప్పలేదు నాకు?”

నేను నడక వేగం పెంచాను.

“చూశావా,” అంది. “నేను ఆయన్ని వెనక్కి జరిపినప్పుడల్లా ఇంకొకరి పేరు ఒక రోజు ముందు పడింది. పంతొమ్మిది ఇళ్లు. అది పాపమో కాదో నువ్వే చెప్పు, అన్ని లావు పుస్తకాలు చదువుతావు.”

“పుస్తకాల్లో ఇది లేదు వదినా.”

“ఉండదులే. రాసినవాళ్లెవరూ అర సర్ది ఉండరు.” వీధి మలుపులో ఆగింది. “నా మొగుడి సంగతి నేను దాచుకున్నాను. అది నా ఇష్టం అనుకున్నాను. కాని అత్తయ్య చేత ఆ సబ్బులావిడకు రోజూ అబద్ధం చెప్పిస్తున్నాం. ఆవిడేమో ఆ చేతులు కళ్లకద్దుకుంటోంది. అది నా వల్ల కాదు.”

*

అది శనివారం. ఆదివారం పత్రిక చివరి పేజీ మొత్తం ఒకే ప్రకటన: కొత్త దళాల్లో చేరమని, జానెడేసి చెక్క అక్షరాలతో. ఆ పేజీ బల్ల మీద సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం మేస్త్రి గారు మొదటి పేజీ ప్రూఫు చూపించడానికి పైకి వెళ్లారు. ఎప్పుడూ గంట పట్టేది.

వదిన అర దగ్గరికి వెళ్లి కట్టలను ఒకటొకటిగా బల్ల మీదికి చేర్చడం మొదలుపెట్టింది. రేడియో అక్క వచ్చి చూసింది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

“ఎన్ని?” అంది చివరికి.

“నలభై ఒకటి. నాలుగు వందల తొంభై రెండు పేర్లు,” అంది వదిన. “ఆరు కాలమ్‌లు. కాలమ్‌కు ఎనభై రెండు. సరిగ్గా సరిపోతాయి.”

“లెక్క ఎప్పుడు కట్టావే?”

“నిన్న భోజనం దగ్గర.”

రేడియో అక్క చేతులు తుడుచుకుంది. “నా మరిది ఉన్నాడు ఇందులో. పదో కట్ట. మా చెల్లికి చెప్పలేక ఇన్నాళ్లూ నోరు పారేసుకుంటున్నా.” చెక్క అక్షరాలను ఒక పక్క నుంచి ఎత్తడం మొదలుపెట్టింది. తక్కినవాళ్లు ఒక్కొక్కరే గళ్లు వదిలి వచ్చారు. ఎవరి కట్టలో ఎవరున్నారో ఎవరూ అడగలేదు. పద్నాలుగు మందిలో ఆరుగురికి అరలో సొంతవాళ్లు ఉన్నారని తర్వాత తెలిసింది.

“అన్నయ్యను ఎక్కడ పెడదాం?” అని అడిగాను.

“మొట్టమొదట. పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తున్నాడు.”

పేజీ నిండింది. మిగిలింది బిగించడం. ఇనుప చట్రం చుట్టూ చెక్క చీలలు కొట్టి, వేల అక్షరాలు ఒక్క పలకలా కదలకుండా చేయాలి. బిగింపు వదులైతే ఎత్తగానే మొత్తం నేల మీద పోస్తుంది. ఆ పని మేస్త్రి గారు మా చేత ఎన్నడూ చేయించలేదు. ఆడవాళ్ల చేతిలో అంత పట్టు ఉండదనేవారు. వదిన సుత్తి తీసుకుంది. నాలుగు వైపులా ఆయన కొట్టే వరుసలోనే కొట్టింది.

మూడో వైపు కొడుతుండగా మేస్త్రి గారు తిరిగి వచ్చారు.

తలుపు దగ్గరే నిలబడ్డారు. ఖాళీ అరను చూశారు. గోడకు ఆనించి ఉన్న చెక్క అక్షరాలను చూశారు. బల్ల దగ్గరికి వచ్చి, ముక్కు మీది అద్దాలు తీసి నుదుటి మీదివి దించి, వంగి మొదటి లైను చూశారు. చదివారు. పెదవులు కదలడం నేను చూశాను.

వదిన సుత్తి దించలేదు. “నేనేనండీ చేసింది,” అంది.

ఆయన పేజీ నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి చూశారు. నాలుగో మూల దగ్గర వేలు ఆగింది.

“ఇక్కడ వదులుగా ఉంది,” అన్నారు. “ఇంకో చీల కొట్టు.”

వదిన కొట్టింది.

*

ఆదివారం పొద్దున గోడ ముందు అమ్మ ఎప్పటిలాగే ముందు నిలబడింది. పత్రిక అంటించినవాడు ఆ రోజు చివరి పేజీని బయటికి పెట్టి అంటించాడు. మేమిద్దరం అమ్మ వెనకే ఉన్నాం. ముందుగా చెప్పాలని రాత్రి నుంచీ అనుకుంటూనే ఉన్నాం. ఇద్దరికీ నోరు రాలేదు. ఇంత చేసి కూడా ఆ ఒక్క పని చేయలేకపోయాం, అచ్చుకే వదిలేశాం.

“ఇదేమిటి, ఇన్ని ఉన్నాయి?” అంది ఎవరో.

అమ్మ వేలు ఎత్తి మొదటి లైను కింద పెట్టింది. ఆమె ప్రతి పేరునూ అక్షరం అక్షరం కూడబలుక్కునేది. ఆ పేరును మాత్రం కూడబలుక్కోలేదు. ఒక్క ఊపున చదివింది. ఊరు చదివింది. దళం నంబరు చదివింది.

వేలు అక్కడే ఉంది. వెనక నిలబడ్డ ఆడవాళ్లకు ఆ పేరు ఎవరిదో తెలుసు. ఒకావిడ అమ్మ భుజం మీద చెయ్యి వేయబోయింది. పక్కనే సబ్బులావిడ అమ్మ మొహం వంక చూస్తోంది, రోజూ చూసినట్టే.

అమ్మ వేలు రెండో లైను కిందికి జరిగింది. కూడబలుక్కోవడం మొదలుపెట్టింది.

నాలుగు వందల తొంభై రెండు పేర్లు చదవడానికి గంటన్నర పట్టింది. పేరు విన్నవాళ్లు కొందరు అక్కడే కూలబడ్డారు. కొందరు పేరు వినగానే వెళ్లిపోయారు. కొందరు అయిపోయేదాకా నిలబడ్డారు. మధ్యలో గొంతు పోతే వదిన నీళ్లు తెచ్చి ఇచ్చింది. అమ్మ తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, మళ్లీ వేలు పెట్టింది. నాలుగో కాలమ్‌లో సబ్బులావిడ కొడుకు పేరు వచ్చింది. అమ్మ ముందు ఆవిడ చెయ్యి పట్టుకుంది, తర్వాత చదివింది. ఆ చెయ్యి వదలకుండానే మిగతావీ చదివింది.

పత్రికలు అప్పటికే ఊరంతా వెళ్లిపోయాయి. మధ్యాహ్నానికి సమాచార శాఖ మనుషులు వచ్చి గోడ మీది కాగితం చింపేశారు. మేస్త్రి గారిని మూడు వారాలు జైల్లో ఉంచి వదిలేశారు. మమ్మల్ని పనిలోంచి తీసేశారు. తర్వాత వచ్చిన చీటీలో రోజుకు ఎన్ని పేర్లన్న మాట లేదు.

ఆ సాయంత్రం అమ్మ వదినను పిలిచింది. “వాడి ఉత్తరాలన్నీ తే. నేను చదువుకుంటాను.”

వదిన పదకొండు ఉత్తరాలు తెచ్చి ఒళ్లో పెట్టింది. నీలం కవర్లకు అంచులు లేవు. అమ్మ ఆ కత్తిరింపుల వెంట వేలు పోనిచ్చింది. ఎందుకని అడగలేదు. ఎన్నాళ్ల నుంచి తెలుసని కూడా ఆమె మమ్మల్ని ఎన్నడూ అడగలేదు.

కిటికీ దగ్గర కూర్చుని మొదటి ఉత్తరం విప్పింది. చదవడానికి చాలాసేపు పట్టింది. వసపిట్టే, ఆమె అన్నట్టు. పేజీ తిప్పి రెండు లైన్లు కూడబలుక్కుంది. మూడో లైను సగంలో ఆగింది.

తర్వాత కాగితాన్ని మడతల ప్రకారమే మడిచి, వదిన చేతిలో పెట్టింది.

“ఇక్కడి నుంచి నాది కాదమ్మా,” అంది. “ఇది నీది.”